పైలటుకు ఎన్ని కళ్ళు?



ఆకాశంలో విమానం చప్పుడు వినగానే మీరేం చేస్తారు? చదువుతున్న పుస్తకం పక్కన పడేసి బయటికి పరుగెత్తుతారు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని, అది మబ్బుల్లోకి పోయేదాకా తలెత్తి చూస్తారు. మీ అమ్మానాన్నలు కూడా చిన్నప్పుడు ఇదే పని చేశారు. అడిగి చూడండి, కాదనరు!

సరే, విమానం మబ్బులోకి పోయింది. మీకు కనబడటం లేదు. మరి లోపల కూర్చున్న పైలటుకు ఏం కనబడుతుంది? ముందు తెలుపు, పక్కన తెలుపు, కింద తెలుపు. సున్నం కొట్టిన గోడకు ముక్కు ఆనించి నిలబడినట్లుంటుంది. నేల ఎంత దూరాన ఉన్నదో, కొండ ఎటు ఉన్నదో ఏమీ తెలియదు. అయినా ఆయన నూటయాభై మందిని వెంటబెట్టుకొని, గంటకు 800 కిలోమీటర్ల వేగంతో ధైర్యంగా పోతూనే ఉంటాడు.

ఎట్లా పోగలుగుతున్నాడు? ఆయనకు మనవలె రెండు కళ్ళే కాక, ఇంకా చాలా కళ్ళున్నాయి. కొన్ని నేలమీద ఉన్నాయి, కొన్ని ఆకాశంలో తిరుగుతాయి, కొన్ని విమానంలోనే ఉంటాయి. ఈసారి ఆ కళ్ళను ఒక్కొక్కటే లెక్కపెడదాం. మీరు వేళ్ళు మడుస్తూ రండి. అన్నీ అయిన తరువాత ఒక ప్రశ్న అడుగుతాను: ఇన్ని కళ్ళుండీ ఒక్కొక్కసారి ప్రమాదం ఎందుకు జరుగుతుంది? ఆ ప్రశ్నను మనసులో పెట్టుకొని వినండి.

నేను ముప్ఫయి ఆరేళ్ళు బడిలో పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరయి, హైదరాబాదులో అంబర్‌పేటలో ఉంటున్నవాణ్ణి. విమానాలను చూసే సరదా నాకు పెన్షనుతో పాటు పోలేదు. 2008 మార్చి 23 నుంచి మన పట్నానికి వచ్చే ప్రయాణికుల విమానాలు దూరాన శంషాబాదులో దిగుతున్నాయి. అంతకుముందు అవి ఊరి నడుమ బేగంపేటలోనే దిగేవి. మా మిద్దెమీద నిలబడితే ఉత్తరాన మల్కాజిగిరి వైపునుంచి అవి మెల్లగా కిందికి దిగటం కనిపించేది. వానాకాలంలో చాలావరకు అట్లాగే, తూర్పునుంచి వచ్చి పడమటి వైపుకు మొగం పెట్టి దిగేవి. ఎందువల్లనో చెప్పగలరా?

చెప్పలేకపోతే సంక్రాంతి నాటి పతంగిని జ్ఞాపకం చేసుకోండి. పతంగిని లేపటానికి మీరు గాలికి ఎదురు పరుగెత్తుతారా, గాలి పోయే వైపుకు పరుగెత్తుతారా? ఎదురే పరుగెత్తుతారు. ఎదురు గాలి తగిలితేనే పతంగి లేస్తుంది. విమానం రెక్కలదీ అదే సంగతి. రెక్కలమీదుగా గాలి వేగంగా పారితేనే విమానం గాలిలో నిలుస్తుంది. ఎదురు గాలి ఉంటే, నేలమీద వేగం కొంత తక్కువైనా రెక్కలకు కావలసినంత గాలి దొరుకుతుంది. అందుచేత విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగానే దిగుతుంది. వానాకాలంలో మన హైదరాబాదుమీద గాలి పడమటినుంచి వీస్తుంది. అందుకే విమానాలు పడమటి మొగంగా దిగుతాయి. బేగంపేటలోనూ, శంషాబాదులోనూ రన్‌వేలు తూర్పు పడమరలుగా వేశారు. రన్‌వే కొసన పెద్ద అంకెలతో 09 అని గాని, 27 అని గాని రాసి ఉంటుంది. 90 డిగ్రీలు తూర్పు, 270 డిగ్రీలు పడమర; చివరి సున్న తీసేశారన్నమాట!

కాబట్టి పైలటుకు మొట్టమొదట కావలసింది గాలి సంగతి. మూడో కన్ను అనగానే మీకు శివుడు జ్ఞాపకం వస్తాడు గాని, పైలటు మూడో కన్ను విమానాశ్రయంలో స్తంభంమీద గిరగిర తిరుగుతూ ఉంటుంది. చిన్న గిన్నెలు కట్టిన చక్రం గాలి వేగం చెబుతుంది. దాని పక్కన ఉన్న బాణం గాలి ఏ దిక్కునుంచి వస్తున్నదో చూపుతుంది. ఇవి చాలనట్లు, దూరానికి కనబడేటట్లు రంగు బట్టతో కుట్టిన గాలిసంచి ఒకటి వేలాడదీస్తారు. యంత్రాలన్నీ చెడిపోయినా ఆ సంచి తన పని తాను చేస్తుంది.

నాలుగో కన్ను బారోమీటరు, అంటే గాలి బరువును తూచే యంత్రం. దీనికీ పైలటుకూ ఏం సంబంధం అంటారేమో! విమానంలో ఎత్తు చూపే గడియారం ఒకటి ఉంటుంది. దానిపేరు ఆల్టిమీటరు. అది టేపు పెట్టి ఎత్తు కొలవదు. పైకి పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కదా. ఆ తగ్గుదలను బట్టి ఎత్తు లెక్కకడుతుంది. నేలకు దగ్గరగా, ఒత్తిడి ఒక్క హెక్టోపాస్కల్ తగ్గితే సుమారు 8 మీటర్లు పైకి వచ్చినట్లు లెక్క. ఇక్కడే ఒక చిక్కున్నది. తుఫాను వచ్చే రోజుల్లో విమానం పైకి పోకుండానే ఒత్తిడి పడిపోతుంది. ఒత్తిడి 10 హెక్టోపాస్కల్‌లు పడిపోయిందనుకోండి. ఆ సంగతి ఎవరూ చెప్పకపోతే గడియారం అసలు ఎత్తుకంటె 80 మీటర్లు ఎక్కువ చూపుతుంది. ఇరవై అయిదు అంతస్తుల మేడంత తేడా! మబ్బులో దిగుతున్నవాడికి ఆ తేడా ప్రాణం మీదికి తెస్తుంది. అందుకని దిగబోయే ప్రతి పైలటుకూ కిందివాళ్ళు ఆ క్షణాన ఉన్న ఒత్తిడి ఎంతో చెబుతారు. ఆయన తన గడియారాన్ని దానికి తగినట్లు సరిచేసుకుంటాడు.

అయిదో కన్ను మబ్బు ఎంత ఎత్తున ఉన్నదో చూస్తుంది. నేలమీద పెట్టిన పెట్టెనుంచి లేజరు వెలుగు నిటారుగా పైకి పోతుంది, మబ్బు అడుగుకు తగిలి కొంత వెనక్కు వస్తుంది. పోయి రావటానికి పట్టిన కాలాన్ని యంత్రం కొలుస్తుంది. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుందని మీ పుస్తకంలో ఉన్నది కదా! మబ్బు 300 మీటర్ల ఎత్తున ఉంటే, పోను రాను 600 మీటర్లు. ఎంత కాలం పడుతుందో కాగితంమీద వేసి చూడండి. సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందులో రెండు ముక్కలు రావాలి. అంత చిన్న కాలాన్ని తప్పకుండా కొలిచే యంత్రం అది.

ఆరో కన్ను పేరు వింటే మీకు సంతోషం కలుగుతుంది. దాని పేరు 'దృష్టి'. మన దేశంలోనే, బెంగుళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబరేటరీస్ వారు తయారుచేశారు. చలికాలంలో ఉత్తరాదిన పొగమంచు కమ్మినప్పుడు రన్‌వేమీద ఎంత దూరం కనబడుతుందో ఇది చెబుతుంది. రన్‌వే పక్కన ఒక స్తంభంనుంచి మరొక స్తంభానికి వెలుగు పంపుతారు. గాలి శుభ్రంగా ఉంటే పంపిన వెలుగంతా చేరుతుంది. మంచు ఉంటే దారిలో కొంత చెదిరిపోతుంది. ఎంత చేరిందో చూసి, పైలటుకు ఎన్ని మీటర్ల దూరం కనబడుతుందో లెక్కకడతారు. అటువంటి యంత్రాలు అంతకుముందు పరదేశాలనుంచి కొనవలసి వచ్చేది.

ఈ కళ్ళన్నీ చూసిన సంగతులను పెద్ద విమానాశ్రయాలలో ప్రతి అరగంటకూ ఒక చిన్న వార్తగా రాసి లోకమంతటికీ పంపుతారు. దానిని మెటార్ అంటారు. గాలి, చూపు, మబ్బు, వేడి, ఒత్తిడి, ఇవన్నీ ఒక్క వరసలో వస్తాయి. అర్ధరాత్రయినా, పండుగయినా, ఆ వార్త ఆగకూడదు. మీరు దుప్పటి ముసుగుపెట్టి నిద్రపోతున్న వేళ, మీ మామయ్య వస్తున్న విమానం కోసం ఎవరో ఒకరు మేలుకొని ఉంటారన్నమాట.

ఇంతవరకు చెప్పిన కళ్ళు నేలమీదివి. పై గాలి సంగతి ఎట్లా తెలుస్తుంది? దానికి ఏడో కన్ను బెలూను. బేగంపేటలోని వాతావరణ కేంద్రంవారు హైడ్రోజన్ నింపిన పెద్ద బెలూనును పైకి వదులుతారు. దానికి ఒక చిన్న పెట్టె వేలాడుతుంది. పోతూపోతూ అది ఎంత ఎత్తున ఎంత వేడి, ఎంత తేమ, ఎంత గాలి అని రేడియోలో కిందికి చెబుతూ ఉంటుంది. పైకి పోయినకొద్దీ బయటి ఒత్తిడి తగ్గి బెలూను ఉబ్బుతుంది. సుమారు 30 కిలోమీటర్ల ఎత్తున పగిలిపోతుంది. లోకంలో అన్ని దేశాలవారూ ఒకే వేళకు వీటిని వదులుతారు. మన గడియారం ప్రకారం పొద్దున అయిదున్నర, సాయంత్రం అయిదున్నర లెక్కకు. దేశాల మధ్య ఎన్ని తగాదాలున్నా ఈ ఒక్క పనిలో అందరూ కలిసి ఉండటం చూస్తే నాకు ముచ్చటగా ఉంటుంది. గాలికి సరిహద్దులు లేవు కదా మరి!

ఇక ఎనిమిదో కన్ను రాడారు. చీకట్లో బావిలోకి తొంగి 'ఓ' అని అరిస్తే 'ఓ' అని తిరిగి వస్తుంది. రాడారు అట్లాగే రేడియో తరంగాలను పంపుతుంది. అవి వానచినుకులకు తగిలి తిరిగి వస్తాయి. వాన ఎంత జోరుగా ఉంటే ప్రతిధ్వని అంత గట్టిగా ఉంటుంది. హైదరాబాదులోనూ, మచిలీపట్నంలోనూ, విశాఖపట్నంలోనూ ఉన్న రాడార్లు ఇంకొక విద్య కూడా నేర్చినవి. వాన ఎక్కడ ఉన్నదో చెప్పటమే కాక, దానిని మోసుకొస్తున్న గాలి తమవైపు వస్తున్నదో, దూరంగా పోతున్నదో చెబుతాయి.

అదెట్లాగంటారా? మా అంబర్‌పేటకు రైలుకట్ట దగ్గర. కాచిగూడనుంచి విద్యానగర్ వైపు పోయే రైలు కూత మాకు పగలూ రాత్రీ వినబడుతుంది. మీ ఊళ్ళోనూ ఎప్పుడైనా గమనించండి. రైలు మనవైపు వస్తున్నంతసేపు కూత సన్నగా, హెచ్చుస్థాయిలో ఉంటుంది. మనలను దాటిపోగానే బొంగురుగా దిగిపోతుంది. 1842 లో ఆస్ట్రియా దేశపు డాప్లర్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి కారణం కనిపెట్టాడు. 1845 లో హాలెండు దేశంలో బైస్ బాలట్ అనే ఆయన దానిని పరీక్షించిన తీరు మహా తమాషాగా ఉంటుంది. రైలు బండిమీద బాకాలు ఊదేవాళ్ళను కూర్చోబెట్టి ఒకే స్వరం ఊదమన్నాడు. కట్టపక్కన స్వరజ్ఞానం ఉన్న సంగీత విద్వాంసులను నిలబెట్టి, ఏ స్వరం వినబడిందో రాయమన్నాడు. రైలు వస్తున్నప్పుడు స్వరం పెరిగింది, పోతున్నప్పుడు తగ్గింది! ఆనాటి బాకాల ఆటే ఈనాడు డాప్లర్ రాడారయి తుఫాను గాలిని కొలుస్తున్నది.

గాలిని ఇంత జాగ్రత్తగా కొలవటం ఎందుకు? ఉరుముల మబ్బు ఉన్నదే, దానినే క్యుములోనింబస్ అంటారు, అది పైలటుకు పగవాడు. అందులో గాలి ఒకచోట పైకి ఎగదన్నుతుంది, పక్కనే కిందికి విరుచుకుపడుతుంది. ఒక బకెట్టు నీళ్ళు ఎత్తునుంచి గచ్చుమీద కుమ్మరించండి. నీళ్ళు నేలకు తగిలి నాలుగు పక్కలకూ చిమ్ముతాయి. మబ్బునుంచి దిగిన గాలి సరిగ్గా అట్లాగే చిమ్ముతుంది. దాని కిందుగా పోయే విమానానికి మొదట ఎదురుగాలి తగులుతుంది. రెక్కలకు బలం పెరిగి పైకి లేస్తుంది. మరునిముషాన గాలి నెత్తిమీద పడుతుంది. ఆ వెంటనే వెనుకనుంచి తోస్తుంది. రెక్కలకు బలం పోతుంది. నేలకు దగ్గరగా ఉంటే తప్పించుకోవటానికి వ్యవధి ఉండదు.

ఈ సంగతి కనిపెట్టినవాడు జపానులో పుట్టి అమెరికాలో పనిచేసిన టెట్సుయా ఫుజిటా. 1975 జూన్ 24 న న్యూయార్కులో దిగబోతున్న ఒక పెద్ద విమానం ఉరుముల వానలో కూలిపోయింది. 113 మంది చనిపోయారు. దానికి కొద్ది నిముషాల ముందు దిగిన ఒక సరుకుల విమానం పైలటు, "ఈ దారిలో గాలి భయంకరంగా ఉన్నది, రన్‌వే మార్చండి" అని హెచ్చరించాడు. కాని విమానాశ్రయంలోని గాలి యంత్రం మామూలుగానే చూపుతున్నది. యంత్రం అబద్ధం చెప్పలేదు. అది ఉన్నచోట గాలి బాగానే ఉన్నది. విమానం వచ్చే దారిలోనే బాగా లేదు! ఫుజిటా ఆ లెక్కలన్నీ తీసి, మబ్బునుంచి దూకే ఆ గాలిని గుర్తుపట్టాడు. అంతకు ముప్ఫయి ఏళ్ళ కింద, 1945 లో, అణుబాంబు పడిన నాగసాకిలో చెట్లు ఒక కేంద్రంనుంచి అన్ని దిక్కులకూ పడి ఉండటం ఆయన కళ్ళారా చూశాడు. ఆ జ్ఞాపకమే ఆయనకు దారి చూపింది. తరువాత పెద్ద విమానాశ్రయాలలో ఒక్కచోటనే కాక, రన్‌వే చుట్టూ పలుచోట్ల గాలి యంత్రాలు పెట్టటం మొదలుపెట్టారు. ఒక కన్ను ఒకచోటే చూస్తుందని తెలుసుకోవటానికి అన్ని ప్రాణాలు పోవలసి వచ్చింది.

ఇక విమానంలోపలి కళ్ళు చూద్దాం. తొమ్మిదోది ముక్కులో దాగి ఉన్న చిన్న రాడారు. ముందున్న మబ్బులో వాన తక్కువయితే పచ్చరంగు, ఎక్కువయితే పసుపు, మరీ ఎక్కువయితే ఎరుపు చూపుతుంది. పదోది నేలను చూస్తుంది. విమానం తెలియక కొండవైపు పోతుంటే, "టెర్రెయిన్! పుల్ అప్!" అని కేకవేస్తుంది, అంటే, "అదిగో నేల! పైకి లే!" అని. దీనిని తయారుచేసినవాడు కెనడాలో పుట్టి అమెరికాలో పనిచేసిన ఇంజనీరు డాన్ బేట్‌మన్. పదకొండోది ఇంకొక విమానం దగ్గరకు వస్తే హెచ్చరిస్తుంది. అంతేకాదు, రెండు విమానాల యంత్రాలూ తమలో తాము మాట్లాడుకొని, ఒకదానిని పైకి పొమ్మని, మరొకదానిని కిందికి పొమ్మని చెబుతాయి. 1996 నవంబరు 12 న హర్యానాలో చర్ఖీ దాద్రి అనే ఊరిమీద రెండు విమానాలు ఆకాశంలో గుద్దుకొని 349 మంది చనిపోయారు. ఆ ఘోరం తరువాత మన దేశంలో ఎగిరే పెద్ద విమానాలలో ఈ యంత్రం తప్పక ఉండాలని చట్టం చేశారు.

పదకొండు కళ్ళయినవి. చేతి వేళ్ళు చాలలేదు కదూ! ఇప్పుడు నా ప్రశ్న. ఇన్ని ఉండీ ప్రమాదం ఎందుకు జరుగుతుంది?

దీనికి జవాబు మన రాష్ట్రాలలోనే ఒక దుఃఖకరమైన రోజున దొరికింది. 2009 సెప్టెంబరు 2 పొద్దున, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి డాక్టర్ వై. ఎస్. రాజశేఖరరెడ్డి గారు బేగంపేటలో హెలికాప్టరు ఎక్కి చిత్తూరు జిల్లాకు బయలుదేరారు. గంట తిరక్కుండానే హెలికాప్టరుతో మాటలు తెగిపోయినవి. పగలంతా, రాత్రంతా వెదికారు. మరునాడు నల్లమల అడవిలో కొండమీద శిథిలాలు కనబడినవి. అయిదుగురూ మరణించారు. మీ అమ్మానాన్నలకు ఆ రెండు రోజులూ బాగా జ్ఞాపకం ఉంటవి. రాష్ట్రమంతా రేడియోల ముందు, టెలివిజన్ల ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్నది.

విమానాలలోనూ కొన్ని హెలికాప్టర్లలోనూ ఒక గట్టి పెట్టె ఉంటుంది. లోపలివాళ్ళ మాటలు అందులో నిలిచి ఉంటాయి. బ్లాక్ బాక్సు అంటారు గాని, సులభంగా దొరకటానికి దానికి నారింజ రంగు వేస్తారు. ఆస్ట్రేలియా దేశపు డేవిడ్ వారెన్ 1950 లలో ఈ ఉపాయం చెప్పాడు. చిన్నప్పుడు తన తండ్రిని విమాన ప్రమాదంలోనే పోగొట్టుకున్నవాడాయన. ఈ హెలికాప్టరు మాటల పెట్టె కూడా దొరికింది. విచారణ సంఘంవారు దానిని విన్నారు. దారిలో ఉరుముల మబ్బు ఉన్నది. హెలికాప్టరులోని రాడారు దానిని చూపింది. అదే సమయంలో ఒక నూనె ఒత్తిడి విషయమై హెచ్చరిక వచ్చింది. పైలట్లు దానికి ఏం చేయాలో పుస్తకంలో వెదకటంలో విలువైన నిముషాలు గడిచిపోయినవి. వెనక్కు తిరుగుదామనే ఆలోచన రాలేదు. మబ్బులో కిందికి దూకుతున్న గాలి వారిని పట్టుకున్నది. అదీ సంఘంవారు చెప్పిన సంగతి.

పోయినవారిని తప్పుపట్టటానికి ఈ మాట రాయటం లేదు, పిల్లలూ. పైలట్లు మనవంటి మనుషులే. ఒకేసారి రెండు చిక్కులు వచ్చినప్పుడు మనసు ఒకదాని వెంటే పోవటం ఎవరికైనా సహజం. పరీక్షలో మొదటి లెక్క రాకపోతే దానితోనే కుస్తీపట్టి, గంట కొట్టేదాకా తక్కిన లెక్కలు చూడనివాళ్ళను నేను ఎందరినో చూశాను. కాని ఈ సంగతిని దాచిపెట్టకుండా, వినవలసిన వాళ్ళందరికీ చెప్పటంవల్లనే తరువాతి పైలట్లు బతుకుతారు. విచారణ చేసేది అందుకే.

చూశారా! కన్ను చూసింది. చూసినదానిని చెప్పింది కూడా. ఇక మిగిలింది ఒక్కటే, విని వెనక్కు తిరగటం. అది ఏ యంత్రమూ చేయదు. దానికి మనిషే కావాలి. పైగా, వెనక్కు తిరగటానికి ముందుకు పోవటంకంటె ఎక్కువ ధైర్యం కావాలి.

దీనిని నేను ఒకసారి నా కళ్ళతో చూశాను. కొన్నేళ్ళ కిందట ఒక వేసవి సాయంత్రం, మా మనుమణ్ణి వెంటబెట్టుకొని విశాఖపట్నంనుంచి హైదరాబాదుకు విమానంలో వస్తున్నాను. వాడప్పుడు ఆరో తరగతి. కిటికీ పక్క సీటు వాడిదే. దిగే వేళయింది. దూరాన మబ్బులో మెరుపులు కనబడుతున్నవి. విమానం ఒక చుట్టు తిరిగింది, రెండు చుట్లు తిరిగింది. అప్పుడు పైలటు, "శంషాబాదుమీద ఉరుములతో వాన పడుతున్నది. మనం విజయవాడ వెళుతున్నాము" అని చెప్పాడు.

లోపల గోల బయలుదేరింది. మా ముందు వరసలో ఒక పెద్దమనిషి, ఆ రాత్రి పెళ్ళికి పోవలసినవాడట, "చుట్టూ ఇన్ని యంత్రాలు పెట్టుకొని ఈపాటి వానలో దిగలేడా!" అని విసుక్కున్నాడు. ఒక ఆమె చంటిపిల్లను ఊరడించలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. మా వాడు నా చెవి దగ్గరకు వచ్చి మెల్లగా, "తాతయ్యా, పైలటు భయపడ్డాడా?" అని అడిగాడు.

"లేదు నాయనా," అన్నాను. "యంత్రాలు చెప్పినది విన్నాడు. పెళ్ళికి పోయే ఆయన కోపాన్నీ, ఆలస్యాన్నీ, తనను అందరూ తిట్టటాన్నీ ఒక పక్క వేసి తూచాడు. మన ప్రాణాలను ఇంకొక పక్క వేసి తూచాడు. ఏది బరువో ఆయనకు తెలుసు."

"మరి ఆయనకు అందరూ థాంక్సు చెప్పాలిగా?"

"చెప్పరు. ఏమీ జరగకుండా చూసినవాడికి ఎవరూ థాంక్సు చెప్పరు. జరగనిది కనబడదు కదా!"

గన్నవరంలో రెండు గంటలు కూర్చున్నాము. వాన వెలిసిన తరువాత మళ్ళీ బయలుదేరి, అర్ధరాత్రి దాటాక శంషాబాదులో దిగాము. రన్‌వేమీద నీళ్ళు దీపాల వెలుగులో తళతళ మెరుస్తున్నవి. దిగేటప్పుడు విమానం గుమ్మంలో ఆ పైలటు నిలబడి ఉన్నాడు. పాతికేళ్ళకంటె ఎంతో ఎక్కువ ఉండవు. మా మనుమడు చటుక్కున చెయ్యి చాచి, "థాంక్యూ అంకుల్" అన్నాడు. ఆయన మొగాన నవ్వు వచ్చింది. నిద్ర మొగంతో వెనుక నిలబడిన ఆ పెళ్ళి పెద్దమనిషి కూడా ఒక్క క్షణం ఆగి తల ఊపి వెళ్ళాడు.

పెద్దలకు ఒక మనవి. విమానమో, బస్సో, రైలో ఆలస్యమయినప్పుడు మనం మాట్లాడే మాటలు పిల్లలు వింటారు. జాగ్రత్తను పిరికితనమని మనం పేరుపెడితే, రేపు వాళ్ళు బండి నడిపేటప్పుడు ఎర్రదీపం దగ్గర ఆగటానికి సిగ్గుపడతారు.

ఇక పిల్లలకు ఒక పని. విమానం లేకపోయినా వాతావరణాన్ని చూడటానికి మీకు అడ్డేమీ లేదు. పాత గుడ్డ ముక్కతో ఒక చిన్న గాలిసంచి కుట్టి మిద్దెమీద కర్రకు కట్టండి. పెద్దవాళ్ళను దగ్గర పెట్టుకొనే సుమా! పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, అదే వేళకు చూడండి. ఒక నోటుపుస్తకంలో తేదీ, గాలి దిక్కు, మబ్బు ఉన్నదీ లేనిదీ, వాన పడినదీ లేనిదీ రాయండి. మరునాడు వార్తాపత్రికలో వాతావరణం గురించి ఏమి వేశారో దానితో పోల్చండి. ఇంట్లో పత్రిక రాకపోతే మా వైపు పిల్లలు చిక్కడపల్లిలోని సెంట్రల్ లైబ్రరీకి పోవచ్చు. మీ ఊళ్ళోనూ ఒక గ్రంథాలయం ఉంటుంది. ఒక్క నియమం మాత్రం తప్పకూడదు. చూడని రోజున చూసినట్లు రాయవద్దు; అక్కడ ఖాళీ వదిలేయండి. కిందివాళ్ళు నిజం రాస్తారనే నమ్మకంమీదనే పైలటు మబ్బులో దిగుతున్నాడు.

జూన్ నెలలో మొదలుపెడితే దసరా సెలవుల నాటికి మీ పుస్తకంలో ఒక వానాకాలమంతా ఉంటుంది. దానిని మీ సైన్సు మాస్టారికి చూపించి, పడమటి గాలి ఎన్ని రోజులు వీచిందో ఇద్దరూ కలిసి లెక్కపెట్టండి.